తొంభై శాతం దగ్గర ఆగిన ఫైలు

నిద్ర పట్టడం లేదు. అర్ధరాత్రి గడువున్న అసైన్‌మెంట్ అప్‌లోడ్ చేస్తున్న ఒక విద్యార్థిని నుంచి "సార్, తొంభై శాతం దాకా వెళ్లి ఆగిపోతోంది" అని రాత్రి 11:52కి మెసేజ్ వచ్చింది.

ముందు కోపమే వచ్చింది. వారం గడువిస్తే చివరి ఎనిమిది నిమిషాల దాకా ఆగడమేంటి? సైజు ఎంత అని అడిగితే 46 ఎంబీ అంది. పన్నెండు పేజీల చేతిరాత. కెమెరాతో ఫొటోలు తీసి, ఉన్నవి ఉన్నట్టే పీడీఎఫ్‌లో పెట్టేసింది. ఒక్కోటీ దాదాపు 4 ఎంబీ. అదే ఫోన్లో స్కాన్ మోడ్ పెట్టి, నలుపు తెలుపులో 200 డీపీఐకి (అంగుళానికి 200 చుక్కలు) తీస్తే మొత్తం రెండు మూడు ఎంబీల్లో సరిపోతుంది, అక్షరాలూ చక్కగా కనిపిస్తాయి. మొదటి వారంలో ఐదు నిమిషాలు చూపిస్తే అయిపోయే పని. మనం చూపించం.

అప్‌లోడ్ వేగం అర ఎంబీపీఎస్ (సెకనుకు అర మెగాబిట్; మెగాబిట్ అంటే ఎంబీలో ఎనిమిదో వంతు) ఉన్నచోట 46 ఎంబీ ఎక్కాలంటే పన్నెండు నిమిషాల పైనే. మధ్యలో సిగ్నల్ పోతే మళ్లీ మొదటికే. ఆగినచోటి నుంచి పంపే వీలు మామూలు వెబ్ ఫారంలో ఉండదు. సర్వర్ గొడవ ఇంకోటి. మేం పాఠాలు, అసైన్‌మెంట్లు పెట్టే మూడుల్ (Moodle) నడిచేది పీహెచ్‌పీ అనే ప్రోగ్రామింగ్ భాష మీద. అందులో ఎవరూ మార్చకపోతే ఒక ఫైలుకు హద్దు 2 ఎంబీ, ఒకసారి పంపే మొత్తానికి 8 ఎంబీ. ఆ హద్దు సర్వర్లో పెంచకుండా కోర్సు సెట్టింగుల్లో ఎంత వెతికినా పెద్ద అంకె దొరకదు. ఎన్ని కోర్సుల్లో ఎంతమంది దీనికి బలయ్యారో!

ఇంతా రాశాక, ఆమెది తప్పనడానికి మనసొప్పడం లేదు. ఇంట్లో ఉన్నది ఒకటే ఫోను, తన చేతికి వచ్చేసరికి రాత్రి పది. అసలు బరువు మోపింది మనమే. 45 నిమిషాల వీడియో పాఠం 1.5 ఎంబీపీఎస్‌లో పెడితే దాదాపు 500 ఎంబీ. కదలని స్లయిడ్లకు అంత ఎందుకు? సెకనుకు 5 ఫ్రేములు, బొమ్మకు 150 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు), గొంతుకు 32 చాలు, 60 ఎంబీకి దిగుతుంది. ఉత్త ఆడియో అయితే 11 ఎంబీ. బస్సులో వింటూ వెళ్లేవాళ్లకు అదే మేలు. పోయినసారి ఆడియో కూడా పెడితే, ఆ యూనిట్‌లో ప్రశ్నలు అడిగినవాళ్లు పెరిగారు. ఆ ఒక్కటీ సంతోషం.

ఎవరు ఏది తెరిచారో నమోదయ్యే లాగ్ చూసి "వీళ్లు పాఠం తెరవనే లేదు" అని తేల్చేయడం కూడా నాకు నచ్చదు. ఒకరు దించుకుని బ్లూటూత్‌లో నలుగురికి పంచితే, లాగ్‌లో కనిపించేది ఒక్క పేరే.

అసైన్‌మెంట్‌లో గడువు తేదీ వేరు, కట్-ఆఫ్ తేదీ వేరు. గడువు దాటితే ఆలస్యమని గుర్తు పడుతుంది, అంతే. కట్-ఆఫ్ దాటితేనే తలుపు మూసుకుంటుంది. రెండూ ఒకే నిమిషానికి పెట్టి ఉన్నాయి, కట్-ఆఫ్ ఒక్కటీ ఉదయం 9కి జరిపాను. ఇకపై గడువు సాయంత్రం 6కి పెట్టాలి అనుకున్నా కానీ, ఫోను పదింటికి చేతికొచ్చే పిల్లకు అది ఇంకా అన్యాయం. అర్ధరాత్రే ఉంచి, కట్-ఆఫ్ మరుసటి మధ్యాహ్నానికి పెడతాను.

స్కాన్ మోడ్‌లో మళ్లీ తీయమన్నాక, 12:34కి ఫైలు చేరింది, 2.3 ఎంబీ. ఫైలు పెట్టాక "సమర్పించు" కూడా నొక్కమని, లేకపోతే డ్రాఫ్ట్‌గానే ఉండిపోతుందని చెప్పాను, నొక్కింది. ఏడో పేజీ మూల బొటనవేలి నీడ పడింది. దాని పక్కనే నాలుగో లెక్క, ఒక్క మెట్టు కూడా తప్పలేదు.