ఫ్లోరిడా ప్రయాణానికి కుట్టుపని సర్దుకోవడం – నా అనుభవం

మేముండేది మిషిగన్‌లో, డెట్రాయిట్ పక్కన. పిల్లలకి డిసెంబరు సెలవులు ఇవ్వగానే కారేసుకుని ఐ-75 ఎక్కామంటే ఒహాయో, కెంటకీ, టెనెసీ, జార్జియా దాటుకుంటూ ఫ్లోరిడాలో తేలతాం. పదకొండు వందల మైళ్ళ పైమాటే, మధ్యలో ఒక రాత్రి మోటెల్లో పడుకుంటాం. డ్రైవింగ్ మా ఆయనది, నేను పక్క సీటు. అన్ని గంటలు చేతులు ముడుచుకుని కూర్చోవడం నా వల్ల కాదు, అందుకని క్విల్టింగ్ పని, అంటే గుడ్డముక్కలు అతికి, పొరలు కలిపి కుట్టే పని, వెంట పెట్టుకుంటాను. ఈసారి మా అమ్మ కూడా ఇక్కడే ఉంది. కృష్ణా జిల్లాలో బొంతలు కుట్టీ కుట్టీ చేయి తిరిగిన మనిషి, కాబట్టి ఆవిడకి కూడా పని సర్దాలి. బట్టలు సర్దడానికి ఒక పూట పట్టిందేమో, ఈ కుట్టుపని సర్దడానికి మాత్రం చాలా సాయంత్రాలు పట్టింది. అదెలా చేశామో వివరంగా రాస్తున్నాను, చలికాలంలో బయల్దేరేవాళ్ళకి పనికొస్తుంది.

నేను పెట్టుకున్న నియమం ఒక్కటే. ఆలోచించేది, కొలిచేది, కత్తిరించేది, ఇస్త్రీ చేసేది అంతా ఇంట్లో బల్ల దగ్గరే అయిపోవాలి. బండిలోకి వచ్చేసరికి చేయి కదిలితే చాలు అన్నట్టుండాలి. ఏ రంగు పక్కన ఏ రంగు అని హైవే మీద ఆలోచన మొదలుపెడితే ముక్కలన్నీ ఒళ్ళో పరుచుకోవాలి, సీటు బెల్టు అడ్డం, ఆయన ఒక్క బ్రేకు వేస్తే సగం ముక్కలు కాళ్ళ కిందకి పోతాయి, ఇంక ఆ పూటకి సంచీ మూసేయడమే.

మొదటి పని హెక్సాగన్లు. ఆరు పలకల కాగితం మీద గుడ్డ మడిచి, ఆ ముక్కల్ని ఒకదానికొకటి చేత్తో కలుపుకుంటూ పోవడం, ఇంగ్లిష్ పేపర్ పీసింగ్ అంటారు. ప్రయాణానికి దీన్ని మించిన పని లేదు, ఎందుకంటే చేస్తున్నంత మేరా అరచేతిలో ఇమిడిపోతుంది. నేను అంగుళం భుజం ఉన్న సైజు తీసుకున్నాను. చుట్టూ మడతకి పావంగుళం కలుపుకున్నా రెండున్నర అంగుళాల చదరం సరిపోతుంది. షాపుల్లో చార్మ్ ప్యాక్ అని ముందే కోసిన ఐదంగుళాల గుడ్డ చదరాల కట్ట దొరుకుతుంది, అందులో ఒక్కో చదరాన్ని నాలుగు చేస్తే సరిగ్గా అదే కొలత, ప్యాక్‌కి 42 చదరాలు ఉంటే 168 ముక్కలు వచ్చేస్తాయి. సాదా రంగులకి నేను అలాగే చేశాను. పువ్వుల గుడ్డ మాత్రం అమ్మ తెచ్చిన పెడన కలంకారీ, జాకెట్టు ముక్కలూ, మిగిలిపోయిన కోతలూ కలిపి ఒక చిన్న మూట.

కలంకారీ వాడదామనుకునేవాళ్ళు దయచేసి ఒక పని చేయండి, కత్తెర పెట్టకముందే రంగు చూసుకోండి. తడిపిన తెల్లగుడ్డతో ఒక మూల గట్టిగా రుద్దితే తెలిసిపోతుంది. మా మూటలో ఎరుపూ నీలమూ బాగా దిగాయి, పసుపూ నలుపూ అంతగా దిగలేదు. దేనికది విడిగా చన్నీళ్ళలో నానేసి, నీళ్ళు తేటగా వచ్చేదాకా మార్చి మార్చి జాడించాం. చివర్లో రంగు పీల్చే షీట్ ఒకటి పడేసి మెషిన్‌లో తిప్పాను. గుడ్డ కాస్త కుంచించుకుపోవాల్సింది కూడా అప్పుడే కుంచించుకుపోతుంది. ఇంత చాకిరీ ఎందుకంటే ఈ ఎరుపు పక్కన నేను వేస్తున్నది కోర తెలుపు, నెలల తరబడి చేత్తో కుట్టినది మొదటి ఉతుకులోనే గులాబీ రంగుకి తిరిగితే తట్టుకోలేను.

కత్తిరించడం అయ్యాక ఒక శనివారం డైనింగ్ టేబుల్ మొత్తం ఖాళీ చేయించి పువ్వులు పేర్చాం. నడిమి ముక్క ఒకటి, దాని చుట్టూ ఆరు, ఆ పైన పన్నెండు, మొత్తం 19 ముక్కలకి ఒక పువ్వు. పిల్లలు కూడా రంగులు మార్చి మార్చి పెట్టారు, కొన్ని నాకు తట్టనివి, చాలా బాగా కుదిరాయి. పేర్చిన పువ్వుని పేర్చినట్టే 19 ముక్కలూ, 19 కాగితాలూ ఒక జిప్ కవర్లో పెట్టి మూసేశాను. కారులో కూర్చుని ఒక కవర్ తెరిస్తే ఒక పువ్వు, అంతే, రెండోది తెరవక్కర్లేదు. గ్లూ పెన్నుతో అయితే గుడ్డని కాగితానికి ఇంట్లోనే గబగబా అంటించేయొచ్చు, కానీ దారంతో టాకాలు వేయడం కూడా బండిలో చేసుకోదగ్గ పనే కదా అని అది అమ్మకి ఉంచాను. ఆవిడ వెనక సీట్లో ముక్క మడిచి టాకా వేసి ముందుకి అందిస్తుంది, నేను అంచులు కలుపుతాను. సూది కాగితంలోకి దిగకుండా గుడ్డ మడత కొసని మాత్రమే పట్టుకోవాలి, అప్పుడు ఆరు వైపులా కలిశాక కాగితం తేలిగ్గా ఊడొస్తుంది, మళ్ళీ వాడుకోవచ్చు.

రెండోది టేబుల్ రన్నర్, బల్ల మధ్యలో పొడుగ్గా పరిచే గుడ్డ. పై ముక్క ముందే మెషిన్ మీద కుట్టి ఉంది, పదహారు అంగుళాల వెడల్పు, గజం పైన పొడుగు. పైన అది, మధ్యలో బ్యాటింగ్ అనే పల్చటి దూది పొర, కింద అస్తరు, మూడూ పరిచి టాకాలు వేసుకుంటే ఇక లావు దారంతో బిగ్ స్టిచ్, అంటే పెద్ద పెద్ద కుట్లు, వేసుకుంటూ పోవడమే. ఇంట్లో అయితే పిన్నీసులు పెట్టేదాన్ని, ఒళ్ళో వేసుకునే పనికి పిన్నీసులు గుచ్చుకుంటాయని తెల్లదారంతోనే జానెడు దూరానికి ఒక వరుస చొప్పున టాకాలు వేశాను. గుడ్డని బిగించి పట్టే రింగు కూడా ముందు సీట్లోకి తేలేదు. ఎదురుగా ఎయిర్‌బ్యాగ్ ఉంటుంది, గట్టి చెక్కరింగు ముఖానికీ దానికీ మధ్య ఉండకూడదు. రింగు లేకుండా ఒళ్ళో పెట్టుకుని కుట్టడం అలవాటు చేసుకుంటే అదే హాయిగా ఉంటుంది, పైగా చలిలో మోకాళ్ళ మీద వెచ్చగా కూడా.

ఇక్కడ అసలు చిక్కు గీతలది. క్విల్టింగ్ చేసేవాళ్ళలో చాలామంది వేడికి చెరిగిపోయే జెల్ పెన్నుతో గీసుకుంటారు, ఇస్త్రీ పెట్టె తగలగానే గీత మాయం. ఆ సిరా దాదాపు 60 డిగ్రీల సెల్సియస్ దగ్గర రంగు పోగొట్టుకుంటుంది, అంతే, గుడ్డలోంచి పోదు. సున్నాకి పది ఇరవై డిగ్రీలు దిగువకి వెళ్తే ఆ రంగు మళ్ళీ పైకి తేలుతుంది. మన ఊళ్ళో ఉండేవాళ్ళకి ఇది ఎప్పటికీ అవసరం పడని సంగతి, మిషిగన్‌లో రాత్రంతా బయట నిలబెట్టిన కారు డిక్కీలో మాత్రం అంత చలి ఉంటుంది. అమ్మ నమ్మలేదు. సరే అని తెల్లగుడ్డ మీద నాలుగు గీతలు గీసి, ఇస్త్రీ చేసి, తెల్లగా అయిన గుడ్డని ఆవిడ చేతికే ఇచ్చి ఫ్రీజర్లో పెట్టమన్నాను. ఫ్రీజర్ అంటే ఎలాగూ మైనస్ 18. భోజనాలయ్యాక తీసి చూస్తే గీతలు నాలుగూ ఉన్నాయి, కాస్త పాలిపోయి, కానీ స్పష్టంగా. అమ్మ గుడ్డని లైటు కింద అటూ ఇటూ తిప్పి, గోరుతో గీకి చూసి, "ఇది మన గుడ్డల మీద పెట్టకే" అంది. మరి నీళ్ళకి పోయే నీలం పెన్ను వాడదామంటే దానికి వేడి పడదు, వేడి తగిలితే గీత గుడ్డకే పట్టేస్తుంది, మేమేమో ఎండలోకి వెళ్తున్నాం. సుద్దముక్క గీత మడతల్లో, రాపిడిలో రాలిపోతుంది.

చివరికి ఏ రంగూ లేని గీతే మేలనిపించింది. హేరా మార్కర్ అని జపాన్ వాళ్ళ పరికరం, మొండి అంచుతో గుడ్డ మీద నొక్కి లాగితే నొక్కు పడుతుంది, అదే గీత. అమ్మ ఊళ్ళో దీనికి బొటనవేలి గోరే వాడుతుంది. ఒక వరుస కుట్టడం అయ్యాక స్కేలు పెట్టి పక్క వరుస నొక్కుకోవచ్చు కాబట్టి అన్ని గీతలూ ముందే గీసిపెట్టుకోవాలన్న టెన్షన్ కూడా లేదు. ముదురు పువ్వుల గుడ్డ మీద నొక్కు సరిగ్గా కనబడదు, సాదా గుడ్డ మీద పక్కనుంచి వెలుతురు పడితే చక్కగా తెలుస్తుంది, అందుకే తిన్నటి గీతలన్నీ సాదా పట్టీల మీదకి వచ్చేట్టు చూసుకున్నాను.

మూడోది అమ్మ కోరి పెట్టుకున్న పని. హెక్సాగన్లు చూసి, "ఇంతింత ముక్కలు కుడుతూ కూర్చుంటే ఎప్పటికయ్యేనే? నేను టాకాలు వేసిస్తాలే గానీ, నాకు రెండు పాత చీరలియ్యి" అంది. టాంపాలో ఉండే మా పిన్ని కూతురికి మూడో నెల బాబు, వాడిని పడుకోబెట్టడానికి బొంత. పాత చీరలు అమెరికాలో ఎక్కడివి అనుకున్నాను, ఆవిడ సూట్‌కేసులో ఆవకాయ సీసాలకి చుట్టుకొచ్చినవే ఉన్నాయి, ఉతికీ ఉతికీ మెత్తబడిన నేత చీరలు. నూనె వాసన పోయేదాకా వేడినీళ్ళలో ఉతికాం. పసివాళ్ళకి పాత గుడ్డే పెట్టాలంటారు మనవాళ్ళు, ఆ మెత్తదనం చేత్తో పట్టుకుని చూస్తే ఎందుకన్నారో అర్థమవుతుంది, ఏ కొత్త కాటనూ దానికి సాటి రాదు.

హాల్లో చీర పరిచి, కొంచెం నీళ్ళు చిలకరించి, ముడతలు పోయేట్టు అరచేత్తో బయటికి తోసుకుంటూ ఒక దాని మీద ఒకటి నాలుగు పొరలు వేసింది, మూలల్లో పప్పు డబ్బాలు బరువు పెట్టి. బ్యాటింగ్ వేద్దామా అంటే వద్దంది, నాలుగు పొరలుంటే చాలు, దూది ఉంటే ఆరదు. ఆరనిచ్చి టాకాలు వేసి చుట్టేశాం. సూదుల దగ్గర మాత్రం ఇద్దరికీ కుదరలేదు. క్విల్టింగ్‌కి నేను వాడే బిట్వీన్స్ సూదులు పొట్టివి, అమ్మకి పొడుగు సూది కావాలి, ఒక్కసారికి నాలుగైదు కుట్లు ఎక్కించి లాగుతుంది. ఆవిడకి మిల్లినర్స్ అనే పొడుగు సూదుల ప్యాకెట్ విడిగా తెచ్చాను, రెండు రోజుల్లో నా వాటి వైపు మళ్ళీ చూడలేదు.

చిన్న చిన్నవి కొన్ని. దారం మూరెడు తీసుకుంటే చాలు, అంటే పద్దెనిమిది అంగుళాలు, అంతకన్నా పొడుగైతే కారులో పక్కవాళ్ళ ముఖం మీదకి చేయి చాపాలి, దారం కూడా పోగులు లేస్తుంది. ఇంట్లో హీటర్ గాలికి దారం చిక్కులు పడుతుంటే తేనెమైనం మీద ఒకసారి లాగుతాం. కదిలే బండిలో సూదికి దారం ఎక్కించడం అమ్మకి కష్టం, అందుకని ఉండలోని దారానికే పది సూదులు వరసగా గుచ్చి ఉంచాను. కావలసినప్పుడల్లా చివరి సూదితో మూరెడు లాగి తెంపుకోవడమే. చలికి వేళ్ళ కొసలు పగిలి దారం ప్రతి కుట్టుకీ తగులుకుంటుంది, దానికి వారం ముందు నుంచీ రాత్రిపూట వాజలీన్ రాసుకుని గ్లవ్స్ వేసుకుని పడుకున్నాం. పగలు రాయకూడదు, గుడ్డకి జిడ్డు అంటుతుంది. సూదులు పెట్టుకోవడానికి ఒక అయస్కాంతం బిళ్ళ, చిన్న కత్తెర మెడలో తాడుకి. బండి ఆపిన ప్రతిచోటా దిగేముందు సూదులు లెక్క చూసుకోవాలి, వెనక సీట్లో పిల్లలు కూర్చుంటారు, ఇందులో మొహమాటం లేదు.

వెలుతురు సంగతి కూడా ముందే అనుకోవాలి. డిసెంబరు చివర్లో డెట్రాయిట్‌లో ఐదుకే సూర్యుడు దిగిపోతాడు. మెడకి తగిలించుకునే లైటు ఉంది కానీ చీకట్లో డ్రైవ్ చేసేవాళ్ళ కళ్ళకి అది అడ్డం, కాబట్టి కారులో చీకటి పడ్డాక కుట్టు లేదు. అమ్మ ఎలాగూ దీపాలు పెట్టే వేళ దాటాక సూది చేతికివ్వదు, అడిగినా పక్కన పెడుతుంది, తీసుకోమంటుంది.

ఇక సంచీలు. హెక్సాగన్ కవర్లు నా కాళ్ళ దగ్గర, బొంత అమ్మ పక్కన, రన్నరూ రింగూ డిక్కీలో, అవి మోటెల్‌కీ ఫ్లోరిడా ఇంటికీ. గుడ్డ కోసే చక్రం కత్తి (రోటరీ కటర్), దాని కింద వేసే మ్యాట్ ఇంట్లోనే.

దారిలో టెనెసీ సరిహద్దున జెలికో కొండ ఎక్కేటప్పుడు మంచు పడుతుంటే అందరం సూదులు పక్కన పెట్టి రోడ్డు చూస్తూ కూర్చున్నాం, అక్కడ మాత్రం కుట్టలేకపోయాం. జార్జియాలో ఎండొచ్చింది, ఏటవాలు వెలుతురులో పువ్వుల మీద పువ్వులు తేలాయి. బొంత టాంపా చేరేసరికి అంచు చుట్టూ మొదలుపెట్టిన వరుసలు సగం లోపలికి వచ్చాయి, మిగతాది అమ్మ అక్కడ వరండాలో బాబుని పక్కన వేసుకుని పూర్తి చేసి వాడి కిందే పరిచి వచ్చింది. రన్నర్ క్విల్టింగ్ అయింది. దానికి అంచు చుట్టూ వేసే బైండింగ్ పట్టీ ముందే కత్తిరించి పెట్టుకున్నాను కానీ అది మెషిన్ మీద వేసేదే, ఈ వారాంతం వేస్తాను. మిగిలిన ఏడు కవర్లూ అలాగే సంచీలో ఉంచేశాను, అమ్మని ఎయిర్‌పోర్ట్‌లో దింపడానికి చికాగో దాకా వెళ్ళాలి కదా.