ల్యాబ్ సామాను కడగడానికి ఏ లిక్విడ్ కొనాలి?

"అన్నా, గాజు సామానుకు ఏ కంపెనీ లిక్విడ్ మంచిది?" వరంగల్‌లో కొత్తగా ల్యాబ్ పెట్టిన తమ్ముళ్ళు నన్ను ఎక్కువగా అడిగేది ఇదే. కంపెనీ సంగతి తర్వాత, మీ నీళ్ళు ఎక్కడివి అని నేను అడుగుతా.

బోరు నీళ్ళతో కడిగిన బీకరు ఆరాక తెల్లటి పొర కనిపిస్తే మురికి పోలేదనుకుని ఇంకింత సబ్బు పోస్తారు. ఆ తెలుపు చాలాసార్లు నీళ్ళలోని కాల్షియమే. మామూలు సబ్బు దానితో కలిస్తే తెట్టు కడుతుంది, నురగ రాదు, డబ్బా మాత్రం తొందరగా అయిపోతుంది. చాలా ల్యాబ్ డిటర్జెంట్లలో ఈడీటీఏ అనే రసాయనం లాంటివి కలిపేది ఇందుకే, అవి కాల్షియాన్ని పట్టేసి సబ్బు పని సబ్బును చేసుకోనిస్తాయి. పొర ముందే పట్టి ఉంటే సిట్రిక్ యాసిడ్ కలిపిన నీళ్ళలో కాసేపు నానబెట్టండి, వదులుతుంది.

అయితే ఇక్కడే ఒక మెలిక ఉంది. ఆ ఈడీటీఏ సరిగ్గా కడగని ట్యూబులో మిగిలితే రక్త పరీక్షలో సీరం (రక్తం గడ్డకట్టాక పైన తేలే ద్రవం) కాల్షియం, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ అనే ఎంజైమ్ విలువలు తగ్గి వస్తాయి, ఫాస్ఫేట్ ఉన్న డిటర్జెంట్ మిగిలితే ఫాస్ఫరస్ రీడింగ్ పెరుగుతుంది. మిషన్ తప్పు అనుకుని సర్వీస్ ఇంజనీరును పిలిచేస్తారు! చివరి కడుగు డిస్టిల్డ్ వాటర్‌తోనే, అదీ ఒక్కసారి ముంచి తీస్తే సరిపోదు. గిన్నెలు తోమే లిక్విడ్ వద్దని చెప్పేదీ ఇందుకే, అందులో రంగు, సువాసన కూడా ఉంటాయి, మనకు వాటితో పనే లేదు.

రక్తం, సీరం అంటిన వాటికి ఎంజైమ్ ఉన్నది తీసుకుని గోరువెచ్చని నీళ్ళు వాడండి. సలసల కాగే నీళ్ళు పోస్తే ప్రోటీన్ గడ్డకట్టి గాజుకు అతుక్కుపోతుంది, ఇక గీకుతూ కూర్చోవాలి.

ఫ్యాక్టరీల లెక్క వేరు. డెయిరీలో స్టీలు పైపులకు ముందు వేడి కాస్టిక్ సోడా పంపుతారు, కొవ్వు, ప్రోటీన్ పోతాయి. తర్వాత నైట్రిక్ యాసిడ్ పలచగా పంపితే పాల లవణాల పొర కరుగుతుంది. అదే కాస్టిక్ అల్యూమినియం మీద పోస్తే లోహాన్నే తినేస్తుంది. బ్లీచింగ్ నీళ్ళు స్టీలు మీద ఎక్కువసేపు నిలిస్తే సన్నటి గుంటలు పడతాయి. కాబట్టి కొనేముందు షాపాయనను రేటుతో పాటు డేటా షీటు కూడా అడగండి, పీహెచ్ (యాసిడా, క్షారమా అని చెప్పే అంకె) ఎంత, ఏ లోహాలకు పనికిరాదు అన్నది అందులో ఉంటుంది.

కడిగింది సరిపోయిందా అని తెలుసుకోవడానికి ఖర్చేమీ లేదు. గాజు మీద నీళ్ళు సమంగా పొరలా జారితే శుభ్రం, బొట్లుబొట్లుగా విడిపోతే జిడ్డు ఉన్నట్టే, మళ్ళీ కడగాలి.

ఇంకొకటి, యాసిడ్ డబ్బా, బ్లీచ్ డబ్బా పక్కపక్కన పెట్టకండి. రెండూ కలిస్తే క్లోరిన్ గ్యాస్ వస్తుంది. ఈ మాట కడిగే అక్కకు కూర్చోబెట్టి చెప్పండి, డబ్బాల మీద తెలుగులో పెద్దక్షరాలతో రాసి అతికించండి.