హాస్పిటల్ మేనేజ్‌మెంట్ వైపు చూస్తున్న వాళ్లకి: శ్రీకాకుళం నుంచి నా ప్రిపరేషన్

డిగ్రీ ఫైనలియర్‌లో ఉన్నవాళ్లు, డిగ్రీ అయిపోయి ఏ పరీక్ష రాయాలా అని చూస్తున్నవాళ్లు ఈ మధ్య నన్ను తరచూ ఒకటే అడుగుతున్నారు: "అక్కా, హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్‌కి ఏం చదవాలి?" నేను బైపీసీ, ఆ తర్వాత బీఎస్సీ. ఇప్పుడు ఆ కోర్సులోనే ఉన్నాను కాబట్టి నాకు తెలిసినంత మేరకు రాస్తున్నాను.

ముందుగా ఒక మాట. ఎంట్రన్స్ పేపర్లో ఆసుపత్రి గురించి దాదాపు ఏమీ అడగరు. ఇంటర్వ్యూ పెట్టే సంస్థల్లో మాత్రం అంతా దాని గురించే అడుగుతారు. అందుకే రెండు ప్రిపరేషన్లూ ఒకేసారి సాగాలి. మొదటిదానికి కోచింగ్ సెంటర్లు బోలెడు ఉన్నాయి. రెండోదానికి మన జిల్లాలోని ఆసుపత్రులకు మించిన కోచింగ్ లేదు.

పరీక్ష సంగతి త్వరగా చెప్పేస్తాను. ఎంబీఏ, ఎంసీఏ సీట్ల కోసం రాసే ఏపీ ఐసెట్‌లో 200 ప్రశ్నలు, 150 నిమిషాలు. నెగెటివ్ మార్కులు లేవు, కాబట్టి ఒక్కటి కూడా ఖాళీ వదలొద్దు. లెక్క వేస్తే ప్రశ్నకి 45 సెకన్లే. బైపీసీ వాళ్లకి లెక్కలంటే టెన్షన్ ఉంటుందని తెలుసు. శాతాలు, నిష్పత్తులు, కాలం-పని, లాభనష్టాలు ఎనిమిది నుంచి పదో తరగతి వరకు స్కూలు పుస్తకాల్లోనే ఉన్నాయి, వాటినే తిరగేయండి. డేటా సఫిషియెన్సీలో జవాబు కనుక్కోవాల్సిన పని లేదు. ఇచ్చిన సమాచారం సరిపోతుందా లేదా అన్నది తేలిస్తే చాలు. అది అలవాటైతే బోలెడు టైం మిగులుతుంది. నేను శ్రీకాకుళం గ్రంథాలయంలో కూర్చుని పాత పేపర్లు గడియారం పెట్టుకుని చేసేదాన్ని. ఇంట్లో అయితే మధ్యలో ఎవరో ఒకరు పిలుస్తూనే ఉంటారు.

అర్హత మాత్రం జాగ్రత్తగా చూసుకోండి. ఢిల్లీ ఎయిమ్స్‌లో హాస్పిటల్ అడ్మినిస్ట్రేషన్ పీజీకి ఎంబీబీఎస్ ఉండాలి. హైదరాబాద్ నిమ్స్, ముంబయి టిస్ (టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్) లాంటి చోట్ల దారి వేరు, పరీక్ష వేరు. ఐసెట్ ర్యాంకు అన్ని చోట్లా పనికిరాదు. నోటిఫికేషన్‌లో అర్హత పేరా చదవకుండా ఫీజు కట్టొద్దు.

ఇక అసలు విషయానికి వస్తాను.

మా మేనమామది కవిటి. ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి మన జిల్లాలో కొత్తగా చెప్పక్కర్లేదు. ఆయనకి తోడుగా డయాలసిస్‌కి వెళ్లినప్పుడల్లా నోట్సు పట్టుకెళ్లి పక్కన కూర్చుని చదువుకునేదాన్ని. రానురానూ నోట్సు మూసి యూనిట్ ఎలా నడుస్తుందో చూడడం మొదలుపెట్టాను. మెషీన్ ఎక్కించే ముందు టెక్నీషియన్ బరువు చూసి షీట్ మీద రాస్తాడు. దించాక మళ్లీ బరువు చూస్తాడు. ఒంట్లోంచి ఎంత నీరు తీయాలో మొదట చూసిన బరువును బట్టే తేలుతుంది. ఆ షీట్ ఫైల్లోకి వెళ్తుంది, ఫైల్ లెక్క క్లెయిమ్‌లోకి వెళ్తుంది. ఒక అంకె తప్పు పడితే డాక్టర్ దగ్గర నుంచి అకౌంట్స్ వరకు ఇబ్బందే.

ఒక యూనిట్‌లో 10 మెషీన్లు ఉన్నాయనుకోండి. రోజుకి మూడు షిఫ్టులు, వారానికి ఆరు రోజులు. అంటే వారానికి 180 సెషన్లు. ఒక్కొక్కరికి వారానికి మూడుసార్లు చేయాలంటే 60 మందికే చోటు. అరవై ఒకటో మనిషి వస్తే ఎవరిని తగ్గిస్తాం? ఇప్పుడు నీళ్ల సంగతి చూడండి. మెషీన్‌లో సాధారణంగా నిమిషానికి 500 మిల్లీలీటర్ల డయాలసిస్ ద్రవం పారుతుంది. నాలుగు గంటలకి 120 లీటర్లు. రోజుకి 30 సెషన్లంటే 3,600 లీటర్ల శుద్ధి చేసిన నీరు రోజూ సిద్ధంగా ఉండాలి. ఆర్‌ఓ ప్లాంట్ ఆగితే డాక్టర్ ఎంత గొప్పవాడైనా చేసేదేమీ లేదు. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను వచ్చినప్పుడు ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదని మనందరికీ గుర్తే. అలాంటి రోజుకి జనరేటర్, డీజిల్, నీళ్ల ట్యాంకర్, పేషెంట్లని తరలించే బండి ముందే సిద్ధం చేసి పెట్టేవాళ్లు ఉండాలి కదా. మనం చదవబోయే చదువు ఆ పని కోసమే.

ఇంటర్వ్యూలో "డాక్టర్ సీటు రాక ఇటు వచ్చావా?" అని అడిగారు. చాలామందిని అడుగుతారు, కంగారు పడొద్దు. నేను ఈ డయాలసిస్ లెక్కే చెప్పాను. బోర్డులో ఒక మేడమ్ పెన్ను తీసుకుని, "షిఫ్టుకీ షిఫ్టుకీ మధ్య మెషీన్ శుభ్రం చేసే టైం కలిపావా?" అని అడిగారు. అక్కడి నుంచి అంతా దాని మీదే నడిచింది. ఈ రంగాన్ని డాక్టర్ కాలేకపోయిన వాళ్ల దారిగా చూడొద్దని నేను గట్టిగా నమ్ముతాను. ఇది వేరే పని, దీనికి వేరే తెలివి కావాలి.

ఆసుపత్రిలో ఈ పనులు ఎన్ని రకాలో ఒకసారి గమనించండి. ఓపీ రిజిస్ట్రేషన్, బిల్లింగ్, ఇన్సూరెన్స్ డెస్క్, కేస్ షీట్లు దాచే మెడికల్ రికార్డ్స్, స్టోర్స్, పరికరాలు చూసే బయోమెడికల్, సామాన్లు స్టెరిలైజ్ చేసే విభాగం, హౌస్‌కీపింగ్, క్వాలిటీ. 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక ఆసుపత్రుల్లో ఆరోగ్యమిత్రలు కనిపిస్తున్నారు. పేషెంట్‌కి కార్డు దగ్గర నుంచి అప్రూవల్ వరకు దారి చూపేది వాళ్లే. వాళ్లు ఖాళీగా ఉన్నప్పుడు మర్యాదగా అడిగితే చాలా విషయాలు చెబుతారు. ఒక్కటి గుర్తుంచుకోండి: ఇతరుల కేస్ షీట్లలోకి తొంగి చూడొద్దు, ఫోటోలు తీయొద్దు. పేషెంట్ వివరాలు గోప్యంగా ఉంచడం ఈ వృత్తిలో మొదటి నియమం.

చెత్తడబ్బాల రంగులు కూడా నేర్చుకోండి. 2016 బయోమెడికల్ వేస్ట్ నిబంధనల ప్రకారం రక్తంతో తడిసిన దూది పసుపులో, సెలైన్ ట్యూబులు ఎరుపులో, సూదులు తెల్లని గట్టి డబ్బాలో, గాజు సీసాలు నీలంలో వేయాలి. శుద్ధి చేయని వ్యర్థాన్ని మామూలుగా 48 గంటలకి మించి ఉంచకూడదు.

కొన్ని సూత్రాలు చేతివేళ్ల మీద ఉండాలి. 100 పడకల ఆసుపత్రిలో 30 రోజులకి 3,000 పడక-రోజులు. పేషెంట్లు ఉన్నవి 2,400 అయితే ఆక్యుపెన్సీ, అంటే పడకలు నిండిన శాతం, 80. ఆ నెలలో 600 మంది డిశ్చార్జ్ అయితే సగటున ఒక్కొక్కరు నాలుగు రోజులు ఉన్నట్టు. ఈ అంకెలు విన్నాక వార్డులోకి వెళ్తే ఖాళీ మంచం కూడా మనకేదో చెబుతుంది. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రితో కిడ్నీ రీసెర్చ్ సెంటర్ ప్రారంభమైంది. దాని గురించి పేపర్లో చదివినప్పుడు అక్కడ ఎంతమంది టెక్నీషియన్లు, ఎంత నీరు, ఎన్ని షిఫ్టులు కావాలో మీరే కాగితం మీద వేసుకోండి. ఇంటర్వ్యూకి దానికి మించిన ప్రాక్టీసు నాకు కనిపించలేదు.

రెండేళ్ల పీజీ కుదరని వాళ్లకి మెడికల్ కోడింగ్ ఉంది. జబ్బులకి ఐసీడీ-10 అనే అంతర్జాతీయ జాబితా ప్రకారం కోడ్లు వేసే పని. సీపీసీ (సర్టిఫైడ్ ప్రొఫెషనల్ కోడర్) అనే పరీక్షలో 100 ప్రశ్నలు, నాలుగు గంటలు, కోడ్ పుస్తకాలు చూసి రాయొచ్చు, 70 శాతం రావాలి. అనాటమీ బాగా తెలిసిన లైఫ్ సైన్స్ వాళ్లకి ఇది కలిసొస్తుంది. పరీక్ష ఫీజు మాత్రం మన ఇళ్లకి భారమే, అందుకే పూర్తిగా సిద్ధమయ్యాకే కట్టండి.

ర్యాంకు వచ్చాక కాలేజీ ఎంచుకునేటప్పుడు బిల్డింగ్ చూడొద్దు. దాని పక్కన నిజంగా నడుస్తున్న ఆసుపత్రి ఉందా, విద్యార్థులని ఏయే విభాగాల్లో ఎన్ని వారాలు కూర్చోబెడతారు, ఇంటర్న్‌షిప్ వాళ్లే ఇప్పిస్తారా లేక మనమే వెతుక్కోవాలా అని అడగండి. వీలైతే రెండో సంవత్సరం చదువుతున్న వాళ్లని క్యాంటీన్‌లో కలిసి, కిందటి సెమిస్టర్‌లో ఏ వార్డులో పని చేశారో అడగండి. వెంటనే చెప్పగలిగితే ఆ కాలేజీని లిస్టులో పెట్టుకోండి.