టైమరు ఆగినా చక్రం వెనక్కి రాదు

కువైట్‌లో ముసలివాళ్లున్న ఇంట్లో పనికి కుదిరితే వంట, ఇస్త్రీలతో పాటు పెద్ద మామా (ఇంటి పెద్దావిడ) మోకాళ్ల నొప్పికి కరెంటు మెషీన్ పెట్టడం కూడా మన నెత్తినే పడుతుంది. పెట్టె మీద అరబ్బీ, ఇంగ్లీషు తప్ప తెలుగు ఉండదు. సెలవుకొచ్చేటప్పుడు అలాంటిదే ఒకటి కొని, రాజోలులోనో పాలకొల్లులోనో ఉన్న అమ్మకు పట్టుకొస్తాం. వాడే పద్ధతి మాత్రం అక్కడే వదిలేసి వస్తాం.

చర్మం మీంచి సన్నటి కరెంటు పంపి నొప్పి తగ్గించే ఈ మెషీన్‌ను టెన్స్ అంటారు. 9 వోల్టుల బ్యాటరీ, రెండు వైర్లు, నాలుగు జిగురు ప్యాడ్లు. పైనున్న రెండు చక్రాలే స్విచ్చులు, కరెంటు జోరు పెంచేవీ అవే. ముందు మూత తీస్తే మోడ్, టైమరు, ఇంకో రెండు బుల్లి చక్రాలు ఉంటాయి. పి.ఆర్. అంటే సెకనుకు ఎన్ని దెబ్బలో, పి.డబ్ల్యు. అంటే ఒక్కో దెబ్బ ఎంతసేపో.

మామూలు మోకాలి నొప్పికి డాక్టరు వేరే చెప్పకపోతే మోడ్ ‘ఎన్’, పి.ఆర్. 80 నుంచి 100, పి.డబ్ల్యు. 100 దగ్గర, టైమరు 30 నిమిషాలు. చీమలు పాకినట్టు జివజివలాడాలి గాని కండ ఎగరకూడదు. ‘బి’ మోడ్ కండను టకటకా కొడుతుంది, ముసలివాళ్లు ఓర్చుకోలేరు. టైమరులో ‘సి’ జోలికి పోకండి. అది ఆగదు, పెట్టించుకున్న మనిషి నిద్రపోతుంది.

మోకాలిని సబ్బుతో కడిగి, పొడిగా తుడిచి, చిప్పకు చెరో పక్కన ప్యాడ్లు అంటించాలి. మధ్యలో అంగుళమైనా ఎడం ఉండాలి. వైర్లు తగిలించాకే చక్రం తిప్పాలి, అదీ వెంట్రుకవాసి చొప్పున, ‘వాయిద్?’ (ఎక్కువైందా?) అని అడుగుతూ. పది నిమిషాలకు ఏమీ తెలియడం లేదంటారు. బ్యాటరీ అయిపోయిందనుకుని దాన్ని మార్చేస్తారు చాలామంది. ఒళ్లు అలవాటు పడిందంతే, ఇంకాస్త తిప్పితే చాలు.

అసలు చిక్కు ఆఖర్లో ఉంది. టైమరు కరెంటును ఆపుతుంది గాని చక్రాన్ని సున్నాకు తేదు. అది 5 మీద ఉండగానే మర్నాడు కొత్త బ్యాటరీ వేశారనుకోండి, ప్యాడ్లు ఒంటి మీదుంటే ఒక్కసారిగా 5 తగులుతుంది. ఆ రోజుతో మెషీన్ అటకెక్కుతుంది. అందుకే టైమరు అయ్యాక రెండు చక్రాలూ టిక్కుమనేదాకా వెనక్కి తిప్పి, ఆ తర్వాతే ప్యాడ్లు ఊడదీయాలి. కరెంటు ఉండగా ఓ అంచు లేచినా చురుక్కుమంటుంది. మిగిలిన కాస్త జాగాలోంచే కరెంటంతా పోతుంది మరి.

గుండెకు పేస్‌మేకర్ ఉంటే అసలు పెట్టకూడదు. కువైట్‌లో అయితే ‘బత్తారియత్ గల్బ్’ (గుండె బ్యాటరీ) ఉందా అని ముందే అడగండి. మెడ ముందు వైపు, గుండె మీద, గర్భిణి పొట్ట మీద, పుండ్ల మీద వద్దు. షుగరుతో తిమ్మిరెక్కిన పాదాలకూ వద్దు, ఎంత తిప్పామో వాళ్లకు తెలియదు కాబట్టి.

కోనసీమ ఇళ్లలో ఇంకో గొడవుంది, కొబ్బరి నూనె. మోకాళ్లకు నూనె రాసుకుని కూర్చున్న అమ్మకు ప్యాడ్ అంటిస్తే జిగురు పోతుంది, కరెంటూ సరిగా పారదు. నూనె మెషీన్ అయ్యాక రాసుకోమనండి. జిగురు ఆరితే ఒక్క నీటి చుక్క వేలితో రాసి, వాడాక ప్లాస్టిక్ కాగితానికే తిరిగి అంటించాలి. చార్జింగు రకమైతే కువైట్ ప్లగ్గు పలక పిన్నులది, మన సాకెట్లో దూరదు, అడాప్టరు కొనాలి.

తిరిగి వెళ్లే ముందు అమ్మకు పట్టే మోతాదు దగ్గర చక్రం మీద గోళ్లరంగుతో చుక్క పెట్టండి, సున్నా దగ్గర ఇంకో రంగు చుక్క. వీడియో కాల్లో అంకెలు కనపడవు, చుక్కలు కనపడతాయి.