నమ్మకం ఒక గడిలో, అనుమానం ఇంకో గడిలో: ఒక రొమాంటిక్ సస్పెన్స్ నవల చదువు లాగ్

పుస్తకం: అభిమాన రచయిత్రి కొత్త నవల, 384 పేజీలు, 42 అధ్యాయాలు. పేర్లు, దోషి ఎవరన్నది ఇక్కడ ఉండవు. ఇంకా చదవని వాళ్లకి కథ పాడవకూడదు.

సరంజామా తక్కువే. ఒక గీతల నోటుబుక్కు, 2బి పెన్సిలు, రబ్బరు. హైలైటర్ వద్దు, పల్చటి కాగితంలో వెనక్కి దిగుతుంది. స్టిక్కీ కాగితాలు వాడితే చదవడం అవగానే తీసెయ్యాలి. నెలల తరబడి వదిలేస్తే జిగురు పేజీకి అంటుకుపోతుంది.

ఎంతసేపు పడుతుందో ముందే లెక్క వేసుకోవచ్చు. పది వరసల్లో మాటలు లెక్కపెట్టి సగటు తీసి, పేజీలోని వరసలతో, తర్వాత మొత్తం పేజీలతో గుణించాలి. ఈ పుస్తకంలో పేజీకి సుమారు 200 మాటలు, అంటే మొత్తం దాదాపు 77 వేలు. నిమిషానికి 150 చొప్పున చదివితే ఎనిమిదిన్నర గంటలు. నోట్సు రాసే టైము దీనికి అదనం.

నోటుబుక్కులో ఆరు గడులు: పేజీ, కథలోని రోజు, వేళ, ఎవరు ఎవరితో ఏమన్నారు, న (నాయికకి నాయకుడి మీద నమ్మకం), అ (మనకి అతని మీద అనుమానం). చివరి రెండింటికీ 0 నుంచి 5 దాకా మార్కులు.

పేజీ 1–64

పరిచయాలు. ఈ తరహా నవలల్లో దోషి మొదటి మూడో వంతులోపే ఒకసారైనా కంటపడి ఉండాలన్నది రాయని నియమం. ఆఖర్న కొత్త మనిషిని తెచ్చి నేరం అంటగడితే పాఠకులు ఊరుకోరు. అందుకే 128వ పేజీ వరకు గుమ్మంలోకి వచ్చిన ప్రతి మనిషికీ నోటుబుక్కులో ఒక వరస ఇవ్వాలి. వీలునామా తెచ్చిన వకీలుకీ, తాళం బాగుచేసి వెళ్లినవాడికీ కూడా.

అభిమాన రచయిత అయితే ఒక చిక్కుంది. అలవాట్లు మనకి తెలుసు. పాత నవలల్లో అతి మంచిగా మాట్లాడిన స్నేహితుడే దోషి అయ్యాడు కనుక ఇక్కడా వాడే అని 30వ పేజీకే తీర్పు చెప్పేస్తాం. ఆ తర్వాత కళ్లు దానికి సరిపడే వాక్యాలనే ఏరుకుంటాయి. విరుగుడు: ఊహని నోటుబుక్కు చివరి పేజీలో రాసి, దానికి ఆధారమైన వాక్యం ఏ పేజీలో ఉందో పక్కన వెయ్యాలి. ఆధారంగా చూపడానికి పాత నవలలు తప్ప ఇంకేమీ లేకపోతే ఆ ఊహ చెల్లదు.

పేజీ 65–150

పుస్తకం మొత్తానికి బలమైన భాగం ఇదే.

97వ పేజీ దగ్గర ఆగి చూడాలి. రాత్రి, ఇంటి ముందు అతని కారు. 'ఇప్పుడే దిగాను, రెండు గంటల ప్రయాణం' అంటాడు. ఆమె కాలు జారి బానెట్ మీద చెయ్యి ఆనిస్తుంది. అది చల్లగా తగిలిందని అర వాక్యం. ఆ వెంటనే అతను ఆమె మోచెయ్యి పట్టుకోవడం గురించి నాలుగు వాక్యాలు. చదివేవాళ్ల ధ్యాస మోచేతి మీదికి పోతుంది, బానెట్ మీద నిలవదు. రెండు గంటలు నడిచిన బండి అంతలో చల్లారదు. వానకి తడిసి చల్లబడిందేమో అనుకుందామంటే, వేళ గడి ఒప్పుకోదు: వాన ఎనిమిదికే ఆగిందని 91లో ఉంది, ఇది పది దాటాక. న 4, అ 4. రెండూ ఒకే పేజీలో ఇంత ఎత్తున కలిశాయంటే రచయిత్రి చెయ్యి తిరిగినట్టే.

అతని వైపు నుంచి కథ చెప్పే అధ్యాయాలు ఇందులో లేవు. ఉంటే అతని బుర్రలోకి తొంగిచూస్తాం కనుక అనుమానం సగం చచ్చిపోతుంది. ఆంగ్ల రచయిత్రి డాఫ్నే డు మోరియే నవల 'రెబెక్కా' (1938) పట్టు కూడా అక్కడే: పేరైనా చెప్పని ఆ కథకురాలికి తెలిసినంతే మనకీ తెలుస్తుంది, భర్త మనసు మూసిన తలుపే.

అజ్ఞాత వ్యక్తి అధ్యాయాలు మాత్రం మూడు ఉన్నాయి. అలాంటివి వస్తే క్రియల మీద కన్ను వెయ్యాలి. వచ్చాడు, వచ్చింది అంటే ఆడో మగో బయటపడిపోతుంది. అందుకని మన రచయితలు వాటిని 'నేను'లో రాస్తారు, 'ఆ ఆకారం' అంటారు, లేదా క్రియలేని ముక్కల్లో నడిపిస్తారు. అవసరం లేని చోట ఇంత జాగ్రత్త కనిపిస్తే, దాచిపెడుతున్నది మనం అనుకునే మనిషిని కాకపోవచ్చు.

పేజీ 151–290

మధ్యలో కొంత సాగతీత. చాలామంది ప్రేమ సన్నివేశాలని ఇక్కడే గబగబా తిప్పేస్తారు, తర్వాత ఆఖరి మలుపు ఆకాశంలోంచి ఊడిపడిందని తిడతారు. తిప్పినా సరే, ప్రతి సన్నివేశంలో మొదటి రెండు, చివరి రెండు వాక్యాలు వదలకూడదు. తలుపు గడియ, మోగిన ఫోను, మారిన చొక్కా ఉండేది అక్కడే. ఆడియోలో వినేవాళ్లు వేగం పెంచితే జారిపోయేవీ ఇవే.

ఇంకో చిట్కా: నిద్ర కావాలంటే అధ్యాయం చివర ఆపకూడదు, అది పేజీ తిప్పించడానికే రాసినది. అధ్యాయం మధ్యలో, సంభాషణ ముగిసిన చోట ఆపాలి.

పేజీ 291–384

నోటుబుక్కు మూసెయ్యాలి. దాదాపు 94 పేజీలు, రెండు గంటల పైచిలుకు, ఒకే ఊపులో చదవాల్సినది. మార్కులు వేస్తూ కూర్చుంటే ఉత్కంఠ నీరుగారిపోతుంది. రొమాంటిక్ సస్పెన్స్‌లో జంట చివరికి కలుస్తుందని ముందే తెలుసు కనుక 'బతుకుతారా' అనే భయం పెద్దగా పనిచెయ్యదు. పనిచేసేది 'ఏం తెలిసిపోతుంది' అన్న భయం. ఇందులో అది 361 దాకా నిలిచింది.

తిరగేసి చూశాక

అ మార్కు 3 దాటిన పేజీలకే వెనక్కి వెళ్తే చాలు, గంటలో అయిపోతుంది. బానెట్ లెక్క తేలింది, చక్కగా తేలింది. అజ్ఞాత అధ్యాయాల్లో ఒకటి మాత్రం మోసం: దోషి ఆ వేళ ఇంకో చోట ఉన్నట్టు 118లో స్పష్టంగా ఉంది, సర్దిచెప్పలేదు. 143లో దొరికిన రెండో సిమ్ కార్డు ఎవరిదో కూడా చెప్పకుండానే వదిలేశారు.

సస్పెన్స్ కన్నా ప్రేమకే ఎక్కువ అన్యాయం జరిగింది. 97లో అన్న అబద్ధానికి అతని సంజాయిషీ అర పేజీ. న గడిలో 4 నుంచి 1కి పడిపోయిన మార్కు మళ్లీ 5కి ఎక్కడానికి అర పేజీ చాలదు. ఆమె చేత ఇంకొక్క ప్రశ్న, కాస్త గట్టిగా, అడిగించి ఉండాల్సింది.