కత్తి ఒక్కటే సరిపోని పురీషనాళ క్యాన్సర్

రక్తం పడుతుంటే మొలలేనని నెలల తరబడి సరిపెట్టుకున్న మా పెద్దనాన్నగారి పురీషనాళం (పెద్దపేగు చివరి భాగం) బయాప్సీ రిపోర్టులో చివరకు "చిన్నకణ న్యూరోఎండోక్రైన్ కార్సినోమా, కేఐ-67: 80 శాతం" అని, అంటే హార్మోన్లు విడుదల చేసే నాడీ సంబంధ కణాల లక్షణాలున్న క్యాన్సర్ అని వచ్చింది. కణాలు ఎంత వేగంగా విభజన చెందుతున్నాయో చెప్పే ఆ అంకె 20 దాటితేనే అత్యున్నత గ్రేడుగా, అంటే అతి ఉధృతమైనదిగా పరిగణిస్తారు. గడ్డను వెంటనే తీయించాలని ఇంట్లో అందరూ పట్టుబట్టారు గానీ, ఈ అరుదైన వ్యాధి చాలామందిలో బయటపడేసరికే కాలేయానికి పాకి ఉంటుంది కనుక, ఊపిరితిత్తుల చిన్నకణ క్యాన్సర్‌కు వాడే సిస్‌ప్లాటిన్, ఎటోపోసైడ్ మందులను ముందుగా ఇచ్చి, పురీషనాళం, దాని చుట్టుపక్కలకే పరిమితమైతే రేడియేషన్‌ను జోడించి, ఆ తర్వాతే శస్త్రచికిత్స గురించి ఆలోచించడం సమంజసమని నేను గట్టిగా నమ్ముతున్నాను. సిస్‌ప్లాటిన్ మూత్రపిండాలను దెబ్బతీయగలదు కాబట్టి, ప్రతిసారీ రక్తంలో వాటి పనితీరును సూచించే క్రియాటినిన్ చూసి, మందుకు ముందూ వెనకా సెలైన్ ఎక్కిస్తారు.