వారానికి ఆరు గంటల చెస్ సాధన: ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పోతోంది

ఉద్యోగమో చదువో చూసుకుంటూ చెస్ ఆడేవాళ్లకు వారంలో చేతికి చిక్కేది ఐదారు గంటలే. టైమ్ లేకే రేటింగ్ కదలడం లేదని అందరూ అనుకుంటారు. నా లెక్క వేరు. ఆ ఆరింటిలో నాలుగు గంటలు బ్లిట్జ్‌కి (ఒక్కొక్కరికి కొద్ది నిమిషాలే ఉండే వేగపు గేమ్‌లకి), మిగిలినవి ఓపెనింగ్ (ఆట మొదటి ఎత్తుల) వీడియోలకు పోతున్నాయి. ఆడిన గేమ్‌ని తిరగేసి చూసేందుకు అరగంట కూడా ఉండదు. ఈ వారం ఏం నేర్చుకోవాలో చెప్పాల్సింది పోయిన వారం ఓడిన గేమ్. దాన్ని అడగకుండా వేసుకున్న టైమ్‌టేబుల్ ఎంత అందంగా ఉన్నా అది ఇంకెవరికో రాసిన టైమ్‌టేబులే.

కాబట్టి ముందు వారానికి రెండు నిదానమైన గేమ్‌లు. కనీసం 15+10, వీలైతే 30+20. 15+10 అంటే ఒక్కొక్కరికి 15 నిమిషాలు, వేసే ప్రతి ఎత్తుకీ అదనంగా 10 సెకన్లు; 60 ఎత్తుల గేమ్‌కి ఒక్కొక్కరికి 25 నిమిషాలు. ఒక్క సాయంత్రంలో అయిపోతుంది. 3+0లో మనకు ముందే తెలిసినవే చేతిలోంచి వస్తాయి, కొత్తగా ఆలోచించే వ్యవధి ఉండదు. బ్లిట్జ్ మానేయమని కాదు. కొత్త ఓపెనింగ్‌లో మొదటి ఎనిమిది పది ఎత్తులు చేతికి అలవాటు కావడానికి బాగా పనికొస్తుంది. ఐదు గేమ్‌లు, వరసగా రెండు ఓడితే అక్కడితో బంద్. మూడో గేమ్ పోయిన పాయింట్ల కోసం ఆడేదే తప్ప చెస్ కోసం ఆడేది కాదు.

విశ్లేషణ అదే రోజు, లేదంటే మర్నాడు చేయాలి. అప్పటికైతే ఏ ఎత్తు దగ్గర ఏం ఆలోచించామో ఇంకా గుర్తుంటుంది. మొదటి విడత ఇంజన్ (ఎత్తుల్ని లెక్కవేసి చూపే ప్రోగ్రామ్) లేకుండా, ముప్పై నలభై నిమిషాలు. వీలైతే బల్లమీద అసలు బోర్డు పెట్టుకుని చేయండి. స్క్రీన్‌మీద బాణాలు గీసుకుంటూ లెక్కవేసే అలవాటు టోర్నమెంట్ హాల్లో ఎందుకూ కొరగాదు. ఇక్కడ ఏ లైన్ చూశాను, దేనికి భయపడ్డాను, ప్రత్యర్థి వేసిన ఏ ఎత్తు అసలు ఊహించలేదు అనేవి నాలుగు ముక్కల్లో రాసుకోవాలి. ఆ తర్వాతే స్టాక్‌ఫిష్ లాంటి ఇంజన్ ఆన్ చేయాలి. ముందే ఇంజన్ పెడితే ప్రతి తప్పూ ‘ఓహో, ఇదా’ అనిపిస్తుంది. ఆ తప్పు మన బుర్రలో ఎలా పుట్టిందో మాత్రం తెలియదు.

ఇంజన్ చూపించే ప్రతి తేడా పట్టించుకోనక్కర్లేదు. ఎవరికి ఎంత మొగ్గు ఉందో అది బంట్ల లెక్కలో చెబుతుంది; +0.4 నుంచి +0.1కి పడితే మన స్థాయిలో అది తప్పే కాదు. ఒకటిన్నర బంటు విలువకు మించి మారిన చోట్ల మాత్రం ఆగాలి. గేమ్‌కి అలాంటివి మూడు నాలుగు ఉంటాయి. ఇక మన ఎత్తులు ఇంజన్ ఎత్తులకు ఎంత దగ్గరో సైట్ చూపే ఆ ‘యాక్యురసీ’ శాతం. ప్రత్యర్థి పన్నెండో ఎత్తుకే క్వీన్ పోగొట్టుకుంటే ఎవరికైనా తొంభై దాటుతుంది. దాన్ని చూసి మురిసిపోవడమూ అనవసరం, కుమిలిపోవడమూ అనవసరం.

ఆగిన ప్రతిచోటా తప్పు ఏ రకమో ఒక నోట్‌బుక్‌లో రాయాలి. నేను ఆరు రకాలుగా విడదీస్తాను: ప్రత్యర్థి బెదిరింపు అసలు చూడలేదు, చూశాను కానీ లెక్క తప్పింది, ఏం చేయాలో తోచక ఏదో ఒక ఎత్తు వేశాను, టైమ్ లేదు, ఓపెనింగ్ తెలియదు, ఎండ్‌గేమ్ (కొద్ది పావులే మిగిలిన చివరి దశ) తెలియదు. పది గేమ్‌లయ్యాక లెక్కపెడితే ఏది ఎక్కువో దానంతటదే కనిపిస్తుంది. వచ్చే నెల సాధన దానిమీదే. 1500 రేటింగ్ లోపు వాళ్లలో దాదాపు ఎప్పుడూ మొదటిదే గెలుస్తుంది. వాళ్లు చూసే వీడియోలు మాత్రం ఐదోదాని గురించి ఉంటాయి!

టైమ్ అని రాసేముందు గడియారం చూడండి. ఆన్‌లైన్ గేమ్‌లో ఏ ఎత్తుకి ఎంత పట్టిందో సైట్ చూపిస్తుంది. అందులో రెండు రోగాలు బయటపడతాయి. ఒకటి, తొమ్మిది నిమిషాలు మిగిలుండగా మూడు సెకన్లలో వేసిన బ్లండర్, అంటే ఘోరమైన తప్పు. రెండోది, తిరిగి కొట్టడం తప్ప వేరే దారి లేని చోట నాలుగు నిమిషాలు కూర్చుని, చివరి పదిహేను ఎత్తులు నలభై సెకన్లలో ఆడటం. రెండూ ‘టైమ్ సమస్య’లాగే అనిపిస్తాయి కానీ మందు వేరు. మొదటివాడు చేయి ఆపుకోవాలి. రెండోవాడు ఒకే ఎత్తు ఉన్నచోట ఆలోచించకుండా వేయడం నేర్చుకోవాలి.

బెదిరింపు చూడకపోవడానికి అందరూ చెప్పే మందు తెలిసిందే: చెక్‌లు, కొట్టే ఎత్తులు, బెదిరింపులు ఆ వరుసలో చూడమంటారు. అది చేస్తూ కూడా పావులు పోగొట్టుకునేవాళ్లు బోలెడు. ఎందుకంటే వాళ్లు చూసేది ఇప్పుడున్న బోర్డు. చూడాల్సింది తమ ఎత్తు వేసేసిన తర్వాత ఉండబోయే బోర్డు. తెల్ల గుర్రం ఎఫ్3 నుంచి కదిలితే (గడుల పేర్లలో అక్షరం నిలువు వరుస, అంకె అడ్డ వరుస) హెచ్2 మీద కాపలా పోతుంది. నల్ల క్వీన్ డి6, బిషప్ సి7 మీద ఎదురు చూస్తుంటే ఆటే అయిపోవచ్చు. అందుకే ఎత్తు ఖాయం చేసుకున్నాక ఒక్క ప్రశ్న: ‘ఈ పావు ఇంతసేపూ ఇక్కడ ఏ పని చేస్తోంది?’ దీనికి పట్టేది ఐదు సెకన్లు. చాలా పావులు మిగులుతాయి.

పజిల్స్ విషయంలో సంఖ్యకంటే పద్ధతి ముఖ్యం. వారంలో నాలుగు రోజులు, రోజుకి అరగంట, పది నుంచి పదిహేను పజిల్స్ చాలు. చివరి ఎత్తు వరకూ, ప్రత్యర్థి దగ్గరున్న గట్టి జవాబుతో సహా, బుర్రలో చూశాకే మొదటి ఎత్తు వేయాలి. మొదటి ఎత్తు తోచగానే వేసేసి తర్వాతి సంగతి తర్వాత అనుకుంటే అది ఊహించడం సాధన అవుతుంది, లెక్కవేయడం కాదు. పదింటిలో ఏడెనిమిది సరిగ్గా వస్తుంటే కష్టం సరిపోయినట్టు. పదీ వస్తే స్థాయి పెంచండి; సగం పోతుంటే తగ్గించండి. ‘ఫోర్క్’ (ఒకే పావు రెండింటిని ఒకేసారి బెదిరించడం), ‘పిన్’ (కదిలితే వెనకున్న పెద్ద పావు పోయేలా ఇరుక్కోవడం) అని పేరుపెట్టి ఉన్న విభాగాలు కొత్త విషయం నేర్చుకునే మొదటి వారానికే మంచివి. పేరే సగం జవాబు చెప్పేస్తుంది కాబట్టి ఆ తర్వాత అన్నీ కలిపినవే చేయాలి. తప్పినవి దాచి వారం తర్వాత ఒకసారి, నెల తర్వాత ఒకసారి మళ్లీ చేయాలి. రెండోసారి కూడా తప్పితే ఆ నమూనా మనకు నిజంగా తెలియదన్నమాట.

ఎండ్‌గేమ్‌కి వారంలో ఒక్క నలభై నిమిషాల కూర్చోవడం సరిపోతుంది. చదవడం మాత్రం కాదు, ఇంజన్‌తో ఆడాలి. మొదలు ఇక్కడ పెట్టండి: తెల్ల రాజు ఇ4, తెల్ల బంటు ఇ2, నల్ల రాజు ఇ6, ఎత్తు తెల్లది. బంటుని ఇ3కి జరిపితే నల్ల రాజు పక్కకు తప్పుకోక తప్పదు, తెల్ల రాజు ముందుకు దూరుతుంది, గెలుపు. అదే బంటు మొదటే ఇ3లో ఉండి ఎత్తు తెల్లదైతే వృథా చేయడానికి ఎత్తు లేదు. తెల్ల రాజు ఎటు జరిగితే నల్ల రాజు అటే ఎదురుగా నిలబడుతుంది, డ్రా. రెండింటికీ తేడా ఒక్క గడి. అపోజిషన్ (రాజులు ఒక గడి ఎడంతో ఎదురెదురుగా నిలవడం) గురించి పది పేజీలు చదివినవాళ్లు కూడా గేమ్‌లో ఇదే స్థితి వస్తే మొదటి ఎత్తు రాజుతో వేస్తారు. రెండు రంగులతోనూ ఐదేసి సార్లు ఆడితే మరిచిపోరు.

ఆ తర్వాత ఫిలిడార్ స్థితి, అంటే రూక్, బంటు ఉన్న వైపుకి ఎదురుగా ఒక్క రూక్‌తో డ్రా చేసుకునే పద్ధతి. తెల్ల రాజు డి5, బంటు ఇ5, రూక్ హెచ్7. నల్ల రాజు ఇ8, రూక్ ఎ6. నల్ల రూక్ ఆరో వరుస మీదే అటూ ఇటూ తిరుగుతూ తెల్ల రాజుని పైకి రానివ్వదు. బంటు ఇ6కి వచ్చిన క్షణం రూక్ ఎ1కి దిగి వెనకనుంచి చెక్‌లు మొదలుపెడుతుంది. ఇక రాజుకి దాక్కునే చోటు లేదు, ఎందుకంటే నీడ ఇవ్వాల్సిన ఇ6లో బంటే కూర్చుంది. ఇక్కడ జరిగే పొరపాటు కూడా ఎప్పుడూ ఒకటే: బంటు కదలకముందే కంగారుపడి రూక్‌ని కిందికి దింపడం. అప్పుడు తెల్ల రాజు ఆరో వరుసకి ఎక్కుతుంది, సులువైన డ్రా కాస్తా ఒక్కో ఎత్తూ వెతుక్కోవాల్సిన పోరాటమవుతుంది. దీనికి జంటగా లుసెనా (అదే బలాలతో బంటున్న వైపు గెలిచే స్థితి) నేర్చుకుంటే ఎక్కువ రూక్ ఎండ్‌గేమ్‌లలో ఎటు నడవాలో తెలుస్తుంది.

ఓపెనింగ్ గురించి క్లుప్తంగా. తెల్లతో ఒకటి; నల్లతో, తెల్ల మొదటి ఎత్తు ఇ4కి ఒకటి, డి4కి ఒకటి. ఏడాదిపాటు వాటిని మార్చొద్దు. చదవాల్సిన సమయం గేమ్ అయిన వెంటనే: మనకు తెలిసిన దారి ఏ ఎత్తు దగ్గర ఆగిపోయిందో చూసి ఇంకొక్క రెండు ఎత్తులు చేర్చుకోవాలి, ఎందుకో సహా. ఉదాహరణకి ఇటాలియన్‌లో (తెల్ల బిషప్ సి4కి వచ్చే ఓపెనింగ్) నల్ల రెండు గుర్రాలూ బయటికొచ్చాక తెల్ల గుర్రం జి5, నల్ల బంటు డి5, తెల్ల ఇ-బంటు డి5లో కొడుతుంది. ఇప్పుడు నల్ల గుర్రం డి5లో తిరిగి కొడితే తెల్ల గుర్రం ఎఫ్7లో పడుతుంది; రాజు దాన్ని కొట్టక తప్పదు, క్వీన్ ఎఫ్3 చెక్, డి5 గుర్రాన్ని కాపాడాలంటే రాజు ఇ6కి, నడిబోర్డులోకి, రావాల్సిందే. నల్ల రెండో గుర్రాన్ని ఎ5కి వేయడం అందుకే: బంటు పోయినా సి4 బిషప్‌ని కదిలించి పావులు చకచకా బయటికి తీయొచ్చు. ఈ కారణం తెలిసినవాడికి లైన్ గుర్తుండకపోయినా ఎత్తు తోస్తుంది.

పురోగతిని వారం వారం రేటింగ్‌తో కొలవకూడదు. సాధారణ ఫిడే (అంతర్జాతీయ చెస్ సమాఖ్య) లెక్కలో కే విలువ (రేటింగ్ ఎంత వేగంగా మారాలో చెప్పే అంకె) 20 ఉన్న ఆటగాడు తనకంటే 200 పాయింట్లు తక్కువున్నవాడితో ఓడితే పోయేది 15 పాయింట్లు, డ్రా చేసుకున్నా 5 పోతాయి, గెలిస్తే వచ్చేది 5 లోపే. ఒక్క చెడ్డ మధ్యాహ్నం మూడు మంచి గేమ్‌లని తుడిచేస్తుంది. ఆన్‌లైన్ రేటింగ్‌ల సూత్రాలు వేరు, ఆడేవాళ్లు వేరు. లిచెస్ సైట్‌లో కొత్త ఖాతాయే 1500తో మొదలవుతుంది కాబట్టి దాన్ని ఫిడే అంకె పక్కన పెట్టి పోల్చడం దండగ. దానికి బదులు నోట్‌బుక్ చూడండి. మొదటి పది గేమ్‌లలో ‘బెదిరింపు చూడలేదు’ పద్నాలుగుసార్లు ఉండి తర్వాతి పదిలో ఎనిమిదికి వస్తే, రేటింగ్ ఇంకా కదలకపోయినా ఆట కదిలినట్టే. తగ్గకపోతే సాధన పద్ధతి మార్చాలి, గంటలు పెంచడం కాదు.

టోర్నమెంట్ ఉన్న వారం మాత్రం లెక్క మారుతుంది. కొత్త ఓపెనింగ్ ముట్టుకోవద్దు. పజిల్స్ సులువైనవి రోజుకి పదిహేను చాలు, కళ్లు చురుగ్గా ఉండటానికి. ఆన్‌లైన్‌కి అలవాటుపడ్డవాళ్లు ఒక గేమ్ అసలు బోర్డుమీద, గడియారం నొక్కుతూ, స్కోర్‌షీట్ రాస్తూ ఆడాలి. ఎత్తు వేశాక రాయాలి. ముందే రాసుకోవడం నిబంధనలకు విరుద్ధం. పావుని ముట్టుకుంటే దాన్నే కదపాలి. మౌస్‌తో పావుని పట్టుకుని గాల్లో తిప్పుతూ ఆలోచించే అలవాటున్నవాళ్లు ఆ వారమంతా చేతులు తొడలకింద పెట్టుకుని ఆలోచించి, తేల్చుకున్నాకే చేయి బయటికి తీయాలి.